రెండు వందల తొంభై తొమ్మిది తర్వాత

అబద్ధం చెబితే నా గుండెలో వేసిన రెండు స్టెంట్లూ నాకు దక్కకుండా పోనీ. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

స్టెంట్లు వేసిన నలభై మూడో రోజు. మంగళవారం. అప్పటికి నొప్పి పదకొండు సార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా మా కోడలు రమణమ్మది ఒకటే మాట.

"గ్యాసు అత్తా. అలసంద వడలు తినొద్దంటే తింటివి."

"వడ కడుపులోకి పోతాది. ఎడమ చెయ్యి ఎందుకు లాగుతాదే?"

వాము నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టి పోతుంది.

నొప్పి వస్తే నాలుక కింద మాత్ర పెట్టుకోవాలి, అయిదు నిమిషాల్లో తగ్గకపోతే ఆగకుండా ఆసుపత్రికి రావాలి అని డాక్టరు చెప్పారు. చీకట్లో గడియారం కనపడదు. అందుకని సెకనుకొకటి చొప్పున మూడు వందలు లెక్కపెడతాను. మార్కాపురం పలకల కార్ఖానాలో ముప్పై ఏళ్లు పలకలు లెక్కపెట్టి కట్టలు కట్టినదాన్ని. అక్కడ మొదటి పలకను ఒకటి అనం, లాభం అంటాం. కట్ట నిండగానే మళ్లీ లాభం, రెండు, మూడు... నొప్పిని మాత్రం ఒకటి నుంచే లెక్కపెడతాను. దాన్ని లాభం అనడానికి నాకేం పట్టింది?

ఆ రాత్రి నొప్పికే మెలకువ వచ్చింది. మాత్ర పెట్టుకున్నాను. ఒకటి... రెండు... రెండు వందల నలభై దగ్గర ఊపిరి అందలేదు. నోరు ఆగిపోయింది.

"రెండొందల నలభై ఒకటి..."

అన్నది నేను కాదు. మంచం కాళ్ల వైపు నుంచి... మెల్లగా... ఆడ గొంతు. వెంటనే పలక మీద పలక పెట్టిన చప్పుడు. టక్.

"నలభై రెండు..." టక్.

భయం వేసింది. కానీ హాయిగానూ ఉంది... నా పని ఎవరో అందుకున్నట్టు. కళ్లు మూతలు పడుతున్నాయి. నొప్పి అలాగే ఉంది.

"తొంభై ఎనిమిది..." టక్. "తొంభై తొమ్మిది..." టక్.

ఆగింది.

"లాభం."

నా పెదవులు వాటంతట అవే "రెండు" అనేశాయి. అప్పుడు ఒళ్లు ఝల్లుమంది. మూడు వందలు ఏదీ? అది అనకుండానే లెక్కను మళ్లీ మొదటికి తిప్పేసింది.

"ఎవతివే నువ్వు?" అని అరిచాను. "నా నొప్పి ఎవరికే లాభం? మూడొందలు అయినాయి! నేను ఆసుపత్రికి పోవాల!"

రమణమ్మ పరుగున వచ్చి లైటు వేసింది. మంచం దగ్గర ఎవరూ లేరు.

"ఏంది అత్తా, కలవరించినావా? పొద్దున చూద్దాంలే."

"పొద్దున నా శవాన్ని చూద్దువు. ఆటో పిలువు."

డాక్టరు ఇ.సి.జి. చూసి మూడు రోజులు నన్ను కదలనివ్వలేదు. "ఇంకాసేపు ఆగుంటే కష్టమయ్యేదవ్వా" అన్నారు. రమణమ్మ తల దించుకుంది. ఆయన వెళ్లాక నా పక్కన కూర్చుని గొణిగింది.

"ఆ లెక్క నాకూ వినపడింది అత్తా. నువ్వే అనుకుని పడుకున్నా. రెండు అన్నది నీ గొంతే. దానికి ముందరిది..."

"ఎవరిదే?"

"తెలీదు."

నాకూ తెలియదు. నన్ను తీసుకుపోవడానికి వచ్చిందో... ఊపిరాడక నా బుర్రే అలా చేసిందో...

నొప్పి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూనే ఉంది. ఒకటి నుంచే మొదలుపెడతాను, ఇల్లంతా వినపడేలా. మధ్యలో ఎవరైనా అందుకుంటే అందుకోనీ. మూడు వందలు మాత్రం నేనే అంటాను.