రాజు వినలేదు, నా కొడుకు విన్నాడు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో రాస్తోంది.

పొద్దున ఆ పిల్ల పరీక్షకని ఒక నాటకం పైకి చదివింది. అందులో రాజు మహా వీరుడు, ధర్మాత్ముడు. ఎవరి మాటా వినని ఒక్క గుణమే అతన్ని కూల్చింది. అప్పుడే నా కొడుకు వీధిలో మగ్గానికి పడుగు సాగదీసి, నూలుకు గంజి పట్టించబోతున్నాడు. ఆకాశం నల్లగా ఉంది. తడి గంజి మీద వాన పడితే ఆ నూలు చీరకు పనికిరాదు.

“మబ్బు పట్టుండాది. ఈపొద్దు గంజి పెట్టొద్దురా,” అన్నాను.

“నాకు తెల్దామ్మా? నువ్వు లోపలికి పో.”

“ఆ రాజు గూడా ఇట్లే అన్యాడంట. ఏమైపోయినాడో నీ కూతుర్ని అడుగు!”

వీధిలో వాళ్ళంతా నవ్వారు. వాడు మొహం ముడుచుకుని పడుగు చుట్టేశాడు.

సాయంత్రం దాకా ఒక్క చినుకు రాలలేదు. కాచిన గంజి పులిసింది, రోజు పని పోయింది. వాడు నాతో మాట్లాడకుండానే అన్నం తిని లేచాడు. ఇంకోసారి నిజంగా వాన వచ్చేటప్పుడు నా మాట వింటాడో లేదోనని నా దిగులు.

మాట విననివాడు చెడ్డాడు, విన్నవాడూ నష్టపోయాడు. మరి తప్పెవరిదో మీరే చెప్పండి. నాదని మాత్రం అనొద్దు, నేను వినను.