టిక్కు పెట్టకుండానే వచ్చిన ఈద్

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నా దృష్టిలో దయ్యమంటే కరెంటు పోగానే పుట్టి, జనరేటర్ వేయగానే చచ్చేది. కరెంటు పోకుండా చూడటమే నా వృత్తి కాబట్టి, మా ఇద్దరికీ పరిచయం కలిగే అవకాశమే లేదనుకునేవాణ్ణి.

మాది వరంగల్. సౌదీలో, తబూక్ దగ్గర ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రంలో పని చేస్తున్నాను. దానికి సొంత సోలార్, సొంత డీజిల్ జనరేటర్లు ఉన్నాయి. రేపు ఏ జనరేటర్ ఎప్పుడు నడవాలి, ఏ పంపు ఎప్పుడు ఆగాలి అని ముందురోజే లెక్కగట్టి, డీజిల్ ఆదా అయ్యేలా తనంతట తానే నడిపించే ప్రోగ్రాం రాయడం నా పని.

ఆ ఏడాది రంజాన్ నెలంతా ఆ ప్రోగ్రాంకి పరీక్ష. నెగ్గితే నా కాంట్రాక్టు పొడిగిస్తారు. లేకపోతే ఫైనల్ ఎగ్జిట్, అంటే వీసా రద్దయి శాశ్వతంగా ఇంటిదారి. నా భార్య రజని తబూక్‌లోనే ఆసుపత్రిలో డాక్టరు. రెండేళ్లు చెరో దేశంలో ఉండి, అప్పుడప్పుడే ఒక ఇంట్లో కలిసి అన్నం తింటున్నాం. నేను వెళ్లిపోతే మళ్లీ వీడియో కాల్ కాపురమే.

ఇరవై తొమ్మిదో ఉపవాసం రోజు మా అందరికీ తలనొప్పి. మర్నాడు ఈదా, ఇంకో ఉపవాసమా అన్నది సాయంత్రం నెలవంక కబురు వస్తే గానీ తెలియదు. ఉపవాసమైతే పొద్దున్నే ప్యాకింగ్ షెడ్డు నడుస్తుంది, పెద్ద జనరేటర్ కావాలి. ఈద్ అయితే షెడ్డుకి సెలవు, చిన్నది చాలు. కానీ ప్లాన్ మాత్రం మధ్యాహ్నమే ఇచ్చేయాలి. అందుకే ప్రోగ్రాంలో ఈద్ అని ఒక చిన్న గడి పెట్టాను. టిక్కు పెడితే పండగ ప్లాన్, పెట్టకపోతే మామూలు ప్లాన్.

ఆ రోజు తబూక్ అంతా దుమ్ము. ఎదురుగా ఉన్న పంపు షెడ్డే కనిపించడం లేదు, నెలవంకేం కనిపిస్తుంది? ముప్పై పూర్తవుతాయనే అందరూ అనుకున్నారు. మా పై అధికారి అబూ ఫహద్ కూడా టిక్కు వద్దన్నాడు. సరేనని గడి ఖాళీగా వదిలి ప్రోగ్రాం నడిపాను.

ఈద్ ప్లాన్ వచ్చింది.

గడి చూశాను. ఖాళీగానే ఉంది. టిక్కు పెట్టి నడిపాను, అదే ప్లాన్. తీసేసి నడిపాను, మళ్లీ అదే. కంప్యూటర్ ఆపి మొదటినుంచి మొదలుపెట్టినా అదే. ఏసీ గదిలో నాకు చెమటలు పట్టాయి. పొద్దున షెడ్డు మొదలైతే చిన్న జనరేటర్ ఆ బరువు మోయలేదు. క్షేత్రం మొత్తం ఆగిపోతుంది.

దాచి లాభం లేదని అబూ ఫహద్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రోగ్రాం చెడిపోయింది, పాత పద్ధతిలో మనమే ప్లాన్ వేద్దామన్నాను. టిక్కు ఉన్న ప్లాన్‌కి ఒకటి, లేని ప్లాన్‌కి ఒకటి గీసిన రెండు గీతలు తెర మీద ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి ఉండటం చూసి ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"యా ముహందిస్, ఓ ఇంజనీరూ, పరీక్ష దానిది. జవాబు మనం రాయకూడదు," అని అదే ప్లాన్ పంపించేశాడు.

ఇంటికెళ్లి రజనికి చెప్పాను. ఆమె నా ముఖం చూసి, "ఏడుస్తె ఏమొస్తది? పెట్టెలు దించాల్నా, వద్దా? గది చెప్పు," అంది. నన్ను నవ్వించడానికే ఆ మాట అన్నదని తెలుసు. ఆమె కళ్లు మాత్రం నవ్వడం లేదు. నేను స్టూలెక్కి ఒక పెట్టె దించాను కూడా.

చీకటి పడ్డాక ఫోన్ మోగింది. దుమ్ము లేని చోట ఎక్కడో నెలవంక కనిపించిందట. అబూ ఫహద్ "ఈద్ ముబారక్" అన్నాడు. రజని ఆ పెట్టె మీదే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. మర్నాడు చిన్న జనరేటర్ ఒక్కటే హాయిగా నడిచింది. పరీక్ష నెగ్గాం. అబూ ఫహద్ ఇంటి నుంచి ఖర్జూరాల బుట్ట వచ్చింది.

సెలవులయ్యాక అవే అంకెలు పెట్టి మళ్లీ నడిపాను. టిక్కు లేకపోతే మామూలు ప్లాన్, ఉంటే పండగ ప్లాన్, బుద్ధిగా వచ్చాయి. ఎన్నిసార్లు నడిపినా అంతే. మర్నాడే ఈద్ కావడం కాకతాళీయం అంటారా, ఒప్పుకుంటాను. కానీ టిక్కు లేకుండా ఆ ప్లాన్ అసలెలా వచ్చింది? పాత సెట్టింగ్ ఏదో ఇరుక్కుని ఉంటుందన్నాడు ఒక మిత్రుడు. కంప్యూటర్ ఆపితే అది పోవాలి కదా. ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు నా మాట నెగ్గి ఉంటే ప్రోగ్రాం ఓడిపోయేది, నేను విమానం ఎక్కేవాణ్ణి. మమ్మల్ని ఒక ఇంట్లో ఉంచింది నా తెలివి కాదు, నా ప్రోగ్రాంలోని ఒక తప్పు. సెలవు రోజుల్లో ఇంకా దాన్ని వెతుకుతూనే ఉంటాను. రజని వచ్చి ల్యాప్‌టాప్ మూసేస్తుంది.

"దొర్కితె సరిచేస్తవ్ నువ్వు," అంటుంది.