ముప్పై రెండు బ్యాగులు

ఆ వీధిలో టైలరమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. మందుల షాపుకీ సైకిళ్ళు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది ఆమెది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడకి వరసగా మేకులు. ఏడాదికి రెండుసార్లు ఆ మేకుల నిండా ఖాకీ చొక్కాలూ నీలం గౌన్లూ వేలాడతాయి. ఊళ్ళో స్కౌట్ పిల్లలందరి యూనిఫాములూ ఆమే కుట్టాలి. భుజంపట్టీ ఎక్కడ రావాలో, బ్యాడ్జీ జేబుకి ఎంత పైన ఉండాలో ఆమెకి తెలిసినంతగా జిల్లా ఆఫీసువాళ్ళకి కూడా తెలియదు. కుట్టేది ఆమె, వేసుకునేది ఊరంతా, ఆమె మాత్రం వేసుకోకూడదు. పదకొండేళ్ళుగా ఇదే వరస. అది తలుచుకున్నప్పుడల్లా మిషన్ మీద ఆమె కాలు రెండింతలు జోరుగా ఆడేది.

పగ పట్టినవాళ్ళకి తిండి సయించదనీ నిద్ర పట్టదనీ అంటారు. ఒట్టి మాట. టైలరమ్మ కడుపునిండా తినేది, పక్క మీద వాలితే నిద్రపోయేది, కూతుర్ని చక్కగా చదివించుకుంది. రోజుకి ఒక్కసారి మాత్రం, గుండీ కుడుతూ కుడుతూ సూది ఆపి, విజిల్ సారుని నలుగురిలో ఎలా నిలువునా కడిగేయాలో మనసులో రిహార్సల్ వేసుకునేది. ఆయన ఏమంటాడు, తను ఏమనాలి, అప్పుడాయన మొహం ఎలా మాడిపోతుంది, అన్నీ. పండగలేదు, జ్వరంలేదు, ఒక్కరోజు కూడా మానలేదు.

విజిల్ సారు బళ్ళో డ్రిల్లు మాస్టారు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా విజిలే ఊదుతాడని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. ఊళ్ళో స్కౌట్ ట్రూప్ పెట్టింది ఆయనే. టైలరమ్మ కూతురు అందులో చేరింది. ఆడపిల్లలకి తోడుగా ఒక ఆడమనిషి ఉంటేగాని లాభం లేదని ఆయనే కొట్టు చుట్టూ తిరిగి ఆమెని ఒప్పించాడు. ఆమె వారం రోజులు కొట్టు మూసేసి శిక్షణకి వెళ్ళి, గుడారం వేయడం, కట్టు కట్టడం, తడి కట్టెలతో మంట పెట్టడం నేర్చుకుని వచ్చింది. ముడులు నేర్పబోయిన మాస్టారికి తనే రెండు కొత్తవి నేర్పి వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు ఆదివారం అనేది ఆమెది కాకుండా పోయింది. పోతే పోయింది, మెడలో స్కార్ఫ్ కట్టుకుని పిల్లల ముందు నిలబడితే తను ఒక అంగుళం ఎత్తు పెరిగినట్టు ఉండేది ఆమెకి.

ఆ ముచ్చట ఒక హైకుతో, అంటే పిల్లలతో చేసిన కాలినడక యాత్రతో, తీరిపోయింది. ముప్పై ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్ళు ఇద్దరే. ఆగిన ప్రతిచోటా పెద్దవాళ్ళిద్దరూ పిల్లల్ని విడివిడిగా లెక్కపెట్టి పుస్తకంలో సంతకాలు పెట్టాలని నియమం. వాగు దగ్గర ఆగారు. మళ్ళీ బయల్దేరేటప్పుడు ఆమె ఒక పిల్ల మడమకి బొబ్బ లేస్తే కట్టు కడుతోంది. విజిల్ సారు ఒడ్డు మీద నిలబడి, విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, "ముప్పై రెండు" అని పుస్తకం అందించాడు. ఆమె సంతకం పెట్టింది. పెద్దమనిషి అంత గట్టిగా చెప్పాక ఇంకేముంది? ఆయన మాత్రం తన సంతకం తర్వాత పెడతానని ముందుకి నడిచాడు.

మైలు దూరం వెళ్ళాక తెలిసింది, ఒక పిల్ల తక్కువని. ఆ పిల్ల తన బ్యాగు స్నేహితురాలికిచ్చి పొదల చాటుకి వెళ్ళింది. స్నేహితురాలు వీపున ఒకటీ పొట్టన ఒకటీ తగిలించుకుని బుద్ధిగా నడుస్తోంది. విజిల్ సారు ఒడ్డు మీద నుంచి లెక్కపెట్టింది పిల్లల్ని కాదు, బ్యాగుల్ని. మూడు గంటలు వెతికితే ఆ పిల్ల రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని కాళ్ళాడిస్తూ కనబడింది. దానికేమీ కాలేదు. వెతికినవాళ్ళకే ప్రాణాలు పోయి వచ్చాయి.

జిల్లా ఆఫీసులో విచారణ పెట్టారు. పుస్తకం తెరిస్తే ఆ వాగు దగ్గర ఉన్నది ఒకే ఒక్క సంతకం. "లెక్క టైలరమ్మగారు చూసుకున్నారండి, నేను ముందు దారి చూస్తున్నాను" అన్నాడు విజిల్ సారు, కంటిరెప్ప వేయకుండా. ఆమె నోరు తెరవబోయింది. "పిల్లల మొహం చూసి ఊరుకోండమ్మా, ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటే ట్రూపే మూతపడుతుంది" అన్నాడు అక్కడి పెద్దాయన. ఆమె ఊరుకుంది. ఊరుకున్నందుకు బహుమానం ఆ ఆదివారమే అందింది. పిల్లలందరినీ వరసల్లో నిలబెట్టి, వాళ్ళ ముందే ఆమె మెడలో స్కార్ఫ్ తీయించారు. తీసిన చేతులు విజిల్ సారువే. రెండో వరసలో పదేళ్ళ కూతురు నిలబడి చూస్తోంది. ఆ పిల్ల మళ్ళీ ట్రూప్ మొహం చూడలేదు.

అదీ సంగతి. ఇక ఈ ఏడు విజిల్ సారుకి కాలం కలిసిరాలేదు. ట్రూప్‌లో ఆడపిల్లల్ని చూసుకునే టీచరమ్మకి బదిలీ అయింది. పది రోజుల్లో క్యాంపు. శిక్షణ పొందిన ఆడమనిషి లేకుండా ఆడపిల్లల్ని రాత్రి బయట ఉంచకూడదు. తల్లిదండ్రుల మీటింగు పెట్టి ఎవరైనా రండి బాబూ అని అడిగితే అందరూ ఒక్కసారిగా ఫోన్లు చూసుకున్నారు. పిల్లల్ని పంపేవాళ్ళు బోలెడుమంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఒక్కరూ లేరు. పైగా ఆ క్యాంపులోనే విజిల్ సారుకి పాతికేళ్ళ సేవా పతకం ఇచ్చి సాగనంపాలని ఏర్పాటు. ఊరు మొత్తం జల్లెడ పట్టినా శిక్షణ కాగితం ఉన్న ఆడమనిషి ఒక్కతే తేలింది. పదవి తీసేశారు గాని ఆ కాగితం తీసేసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన కొట్టు మెట్టెక్కాడు. స్కౌట్లు ఎడమచేత్తో చేయి కలుపుతారు కదా, ఆయన ఎడమచేయి చాచాడు. టైలరమ్మ ఎడమచేతిలో టేపు, కుడిచేతిలో కత్తెర. రెండిట్లో ఏదీ కింద పెట్టలేదు.

"కొలతలకా సారూ?"

"కాదమ్మా. క్యాంపు గురించి. మీకు తెలిసే ఉంటుంది."

"తెలుసు. చెప్పండి."

"మీరొస్తే గాని బస్సు కదలదు. జిల్లా ఆఫీసుతో మాట్లాడాను, మిమ్మల్ని మళ్ళీ తీసుకుంటామన్నారు. పిల్లల మొహం చూడండి."

"అప్పుడూ ఇదే అన్నారు. ఆ మొహాలు చూసే నోరు మూసుకున్నాను." ఆమె గుడ్డ పరిచి సుద్దతో గీత గీసింది. "వస్తాను సారూ. ఒకటే షరతు. బయల్దేరే రోజు అమ్మానాన్నలందరూ బస్సు దగ్గరికొస్తారు కదా. ఆ వాగు దగ్గర మీరేం లెక్కపెట్టారో వాళ్ళ ముందు చెప్పండి. చెప్పిన నిమిషం ఎక్కుతాను."

ఆయన వీధిలోకి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అదిప్పుడెందుకమ్మా? ఎవరికీ గుర్తు కూడా లేదు."

"నాకుంది."

ఆ పది రోజులూ టైలరమ్మకి పెళ్ళివారిల్లే. కాళ్ళబేరానికి ఎవరెవరో వచ్చారు. మందుల షాపాయన వచ్చి పెద్దమనసు చేసుకోమన్నాడు. ఇద్దరు తల్లులు వచ్చి, పాతవన్నీ ఇప్పుడు తవ్వుకుంటే ఏం లాభమన్నారు. అందరికీ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, షరతు సడలించలేదు. క్యాంపు ఆగిపోతే ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఏడుస్తారని ఆమెకి తెలియదా? తెలుసు. తన పిల్ల ఏడ్చినప్పుడు ఎవరు ఓదార్చారని అనుకుంది. అలా అనుకోవడం తప్పని కూడా అనిపించలేదు, నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. కూతురికి ఇప్పుడు ఇరవై ఒకటి. "వదలకమ్మా, వాడి నోటితోనే చెప్పించు" అంది. తల్లికి కొత్త యూనిఫాం గుడ్డ కత్తిరించి ఇచ్చింది కూతురే, ఇస్త్రీ చేసిందీ కూతురే.

బయల్దేరే రోజు ఏడింటికల్లా బస్సు వీధి మొగలో ఆగింది. పిల్లలు ఎక్కి కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. కింద తల్లులూ తండ్రులూ, టిఫిన్ డబ్బాలు, మర్చిపోయిన టోపీలు, చివరి నిమిషపు జాగ్రత్తలు. టైలరమ్మ యూనిఫాం వేసుకుని కొట్టులో మిషన్ ముందు కూర్చుంది. ఏడున్నర అయింది. డ్రైవరు బీడీ ఆర్పి విజిల్ సారు వైపు చూశాడు. తల్లిదండ్రులంతా కూడా చూశారు. సారు రెండుసార్లు కొట్టు వైపు వచ్చి వెనక్కి వెళ్ళాడు. మూడోసారి వచ్చి, "లోపల మాట్లాడుకుందామమ్మా" అన్నాడు. ఆమె లేచి గడప దాటి నలుగురి మధ్యకి వచ్చి నిలబడింది.

"ఇక్కడే మాట్లాడండి."

ఆయన పదకొండేళ్ళ క్రితం హైకులో ఒక పాప తప్పిపోయిందనీ, లెక్కలో ఏదో పొరపాటు జరిగిందనీ మొదలుపెట్టాడు.

"ఎవరి పొరపాటు సారూ?"

"నాదే."

"ఏం లెక్కపెట్టారు?"

"బ్యాగులు." గొంతు కిందికి జారిపోయింది. "పిల్లల్ని చూడలేదు. బ్యాగులు లెక్కపెట్టి ముప్పై రెండన్నాను. తర్వాత విచారణలో లెక్క ఈవిడదని చెప్పాను. అది అబద్ధం."

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. మెడలో విజిల్ ఒక పక్కకి వేలాడుతోంది. ఎన్నిసార్లు రిహార్సల్ వేసుకున్నా ఇంత బాగా రాలేదు ఆమెకి. గుండెలోంచి పెద్ద బరువేదో దిగిపోయినట్టయి, ఒళ్ళంతా తేలికైంది. కొట్టు మెట్టు మీద కూతురు చేతులు కట్టుకుని నిలబడి ఆయన్నే చూస్తోంది, కళ్ళు మెరుస్తున్నాయి.

అప్పుడు ఒక తల్లి ముందుకి వచ్చింది. ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలో నర్సు. ఆమె కూతురు బస్సులో ముందు సీట్లో కూర్చుని ఉంది. గొంతులో కోపం లేదు, రోగి బంధువుల్ని అడిగినట్టు మెల్లగా అడిగింది.

"మా దగ్గర కుట్టేసే ముందు దూదీ కత్తెరలూ ఇద్దరం లెక్కపెడతామమ్మా. ఒకరు చెప్తే ఇంకొకరు రాసుకోవడం కుదరదు. మీకూ అదే నియమమని క్యాంపు ఫారంలో చదివాను. సారు బ్యాగులు లెక్కపెట్టారు, సరే. మరి మీరేం లెక్కపెట్టారు?"

ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు వంద సిద్ధంగా ఉన్నాయి టైలరమ్మ దగ్గర. తనని అడిగే ప్రశ్న ఒక్కటి కూడా ఎప్పుడూ అనుకోలేదు. విజిల్ సారు వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఆయనకి ఈ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసని అప్పుడు తట్టింది ఆమెకి. ఆయన చెప్పిన అబద్ధంలో ఆమె పాపం పిల్లల్ని లెక్కపెట్టి, ఎక్కడో పొరబడిన మనిషి. నిజంలో అసలు లెక్కే పెట్టని మనిషి. ఇంతమందిని పోగుచేసి, పట్టుబట్టి, ముక్కు పిండి మరీ బయటికి లాగింది ఈ నిజాన్నే.

"నేను లెక్కపెట్టలేదు" అంది. "ఆయన చెప్పారు, నేను సంతకం పెట్టాను."

నర్సు తల ఊపి, బస్సెక్కి, ఒక్కొక్క పిల్ల నెత్తి మీద చేయి వేస్తూ పైకే లెక్కపెట్టింది. దిగి వచ్చి, "ముప్పై ఎనిమిది. ఆసుపత్రికి సెలవు పెడుతున్నాను, నేనూ వస్తాను. ఇకనుంచి లెక్క నాది" అని ఫోన్ తీసింది. తల్లులూ తండ్రులూ ఊపిరి పీల్చుకుని మళ్ళీ టోపీల గొడవలో పడ్డారు. టైలరమ్మనీ విజిల్ సారునీ మాత్రం ఎవరూ పలకరించలేదు.

కూతురు నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. ఇచ్చి కదలలేదు.

"లెక్కపెట్టానన్నావమ్మా."

"ఎప్పుడే?"

"నీ స్కార్ఫ్ తీసిన రోజు, ఇంటికొచ్చాక. నేను అడిగితే, రెండుసార్లు లెక్కపెట్టాననీ, రెండుసార్లూ ముప్పై ఒకటే వస్తే సారు వినలేదనీ చెప్పావు."

అలా చెప్పినట్టు టైలరమ్మకి గుర్తులేదు. చెప్పే ఉంటుంది. ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టడానికి ఆ పూట ఏదో ఒకటి చెప్పే ఉంటుంది.

"అందుకే మానేశాను నేను" అంది కూతురు. "నాకు ట్రూప్ అంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు. ఆదివారాలు గదిలో తలుపేసుకుని విజిల్ వినబడకుండా చెవులు మూసుకునేదాన్ని. అయినా వెళ్ళలేదు. నీకు అన్యాయం చేసినవాళ్ళ దగ్గరికి ఎలా వెళ్తానని."

"అమ్మాయీ..." అంది టైలరమ్మ.

డ్రైవరు హారన్ కొట్టాడు. కూతురు వెనక్కి తిరిగి కొట్టులోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలి నుంచి మిషన్ చప్పుడు మొదలైంది. టైలరమ్మ బస్సెక్కింది. సీట్లన్నీ నిండిపోయాయి, ఖాళీగా ఉన్నది విజిల్ సారు పక్క సీటు ఒక్కటే.