దోన్కాకు చెప్పని టోను

బల్గేరియా రోడోపి కొండల్లో మా లోయకు రిపీటరు, అంటే అందిన మాటను మళ్లీ దూరం పంపే రేడియో, తెచ్చినవాడు స్టామెన్. కరెంటు పని చేసుకుని బతికేవాడు. రెండు పాత రేడియోలు విప్పి కలిపి, గాడిద మీద బ్యాటరీలు ఎక్కించుకెళ్లి శిఖరం మీది రేకుల గదిలో పెట్టాడు. అంతకుముందు కొండకు ఇటువాళ్లు రేడియోలో మాట్లాడితే అటువాళ్లకు అందేది కాదు. అప్పట్నుంచి రేడియో తీసినవాళ్లంతా ముందు స్టామెన్‌నే పలకరించేవాళ్లు.

దోన్కా వచ్చాక అది మారింది. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బళ్ల రాకపోకలు చెప్పి రిటైరైన మనిషి. రేడియో లైసెన్సు తెచ్చుకుని, చేతి రేడియోతో మా రేడియో క్లబ్బులో చేరింది.

కొత్తవాళ్లకు స్టామెన్ పాఠం చెప్పేవాడు. బోర్డు నిండా అంకెలే. ఓ శనివారం అతను టీకి లేచినప్పుడు, అసలీ రిపీటరు ఎలా పనిచేస్తుందని ఎవరో దోన్కాను అడిగారు.

"ఎత్తు గోడ మీద ఓ మనిషి కూర్చున్నాడనుకోండి" అంది. "మీరు ఇటు చెప్పింది వింటూనే అటు గట్టిగా చెప్తాడు. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీదైతే తన అరుపు తనకే అడ్డు. అందుకే వినేదొకటి, పలికేదొకటి."

"మరి టోను?"

"వినిపించిన ప్రతి చప్పుడుకూ అరిస్తే మనం బతగ్గలమా? మీ మాట అడుగున రేడియో ఓ మంద్రమైన రొద కలుపుతుంది. మన చెవికి అందదు. అది వినబడితేనే ఆయన నోరు విప్పుతాడు."

రొట్టెల వ్యాను నడిపే మించో, అప్పుడే టీతో తిరిగొచ్చిన స్టామెన్‌ను చూసి నవ్వాడు. "ఇంతేనా? స్టామెనన్నా, ఇన్నేళ్లూ మమ్మల్నెందుకు చంపావ్?"

స్టామెన్ కూడా నవ్వాడు. ఇంటికెళ్లి, భార్య గిన్కా పెట్టిన జున్ను రొట్టె బానిత్సా ముట్టకుండా లేచాడు. "రైళ్ల పేర్లు చదివినామె నాకు పాఠం చెప్తుందట" అన్నాడు.

ఆ వారమే కొండెక్కి టోను మార్చాడు. పక్క లోయ రేడియోలు అడ్డొస్తున్నాయన్నాడు. కొత్త టోను చెప్పడానికి మిగతా అందరికీ ఫోన్ చేశాడు. "దోన్కాకు నేను చెప్తాలే" అని మించోతో అన్నాడు. చెప్పలేదు.

దోన్కా అప్పటికే వేసవికని ఫోను అందని పచ్చిక బయలుకు వెళ్లిపోయింది. ఆమెకు అందరి మాటలూ వినబడేవి. పాత టోనుతో వెళ్లే ఆమె మాటకు మాత్రం రిపీటరు తెరుచుకునేది కాదు. "దోన్కా గారికి మనమీద కోపమొచ్చినట్టుంది, పలకడం మానేసింది" అని మేమనుకుంటుంటే, అదీ ఆమె వింటూనే ఉండేది.

స్టామెన్ ఇల్లు ఎత్తు మీద. రిపీటరు వినే ఫ్రీక్వెన్సీకి తన రేడియో తిప్పి పెట్టుకుంటే దోన్కా నేరుగా వినబడేది. "మించో, నేనున్నానయ్యా. కోపమేం లేదు." అది వింటూ అతను కాఫీ తాగేవాడు. కడుపు చల్లబడేది. అయినా ఆ గొంతు బాగుందనే మంట పోయేది కాదు.

ఓ మధ్యాహ్నం ఆ గొంతు వణికింది. పచ్చిక బయలు దగ్గర, ఆమె కళ్లెదుటే గొర్రెల కాపరి ఆసెన్ కాలు ట్రాక్టరు కింద ఇరుక్కుంది. అక్కడ ఫోను అందదు. "ఎవరికైనా వినబడుతోందా?"

స్టామెన్ కప్పు కింద పెట్టాడు. పలికితే ఇన్నాళ్లూ వింటున్నాడని తెలిసిపోతుంది. ఆమె మళ్లీ పిలిచింది. మైకు అందుకున్నాడు.

"దోన్కా, స్టామెన్ని. వినబడుతోంది. ఎక్కడ?"

లోయంతా అతని మాట ఒక్కటే విన్నది.

"ఎవరితో మాట్లాడుతున్నావన్నా?" మించో అడిగాడు. "మాకేం రావట్లేదే."

"దోన్కాతో" అన్నాడు స్టామెన్. "దోన్కా, టోను ఎనభై ఎనిమిదిన్నరకు మార్చు. నేను మార్చాను. నీకు చెప్పలేదు."

మరుక్షణం ఆమె గొంతు అందరి రేడియోల్లోనూ పలికింది. మించో వ్యానులో జాకీ వేసుకుని బయల్దేరాడు. ఆసెన్ కాలు దక్కింది, కాస్త కుంటుతాడు.

శనివారం క్లబ్బులో దోన్కా అడిగింది. "అన్నాళ్లూ నా మాటలు నీకొక్కడికే వినబడ్డాయన్నమాట."

"అవును."

"ఓసారైనా పలకాలనిపించలేదా?"

"లేదు" అన్నాడు స్టామెన్. అబద్ధం చెప్పనందుకో ఏమో, ఆమె తలూపి టీకి లేచింది.

రేకుల గదికి ఇంకో తాళంచెవి చేయించి దోన్కాకు ఇవ్వాలని మేం తీర్మానించాం. స్టామెనే ఆమెను పైకి తీసుకెళ్లాడు. వదులైన తీగ ఒకటి చూపించాడు. ఆమె మొదటిసారికే సరిగ్గా బిగించింది.

"బాగుంది" అన్నాడతను. అని, ఆ పాత మంట ఆమెకు కనబడకుండా గుమ్మం బయటికెళ్లి లోయకేసి తిరిగి నిలబడ్డాడు.