తలుపు దగ్గరి రిజిస్టర్

మా చర్చి సంఘానికి సెక్రటరీగా ఉన్న రోజుల్లో నా అంత చండశాసనుడు శంషాబాద్ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. వారంలో ఆరు రోజులు కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తా పని. అక్కడ పుస్తకంలో రాయని బోల్టు గోదాంలో లేనట్టే. ఆదివారం చర్చికి పోతూ ఆ బుద్ధిని ఇంట్లో వదిలిపెట్టకుండా వెంట మోసుకెళ్లేవాణ్ని.

మా పాస్టరు అయ్యగారి కింద నాలుగు ఊళ్ల సంఘాలు ఉండేవి. మా దగ్గరికి నెలకు ఒక్క ఆదివారం పొద్దున వచ్చి, రొట్టె, ద్రాక్షరసం పంచి ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చేవారు. తక్కిన ఆదివారాలు వాక్యం చదవడం, ఆరాధన నడపడం అన్నీ కమిటీవాళ్లమే చూసుకునేవాళ్లం. సంస్కారం రోజు బల్ల దగ్గరికి వెళ్లొచ్చిన వాళ్ల పేర్లు నేను తలుపు దగ్గర కూర్చుని రిజిస్టర్‌లో రాసేవాణ్ని. ఏడాదిలో ఒక్కసారి కూడా పేరు పడనివాళ్లను కమిటీ ఎన్నికల జాబితాలోంచి కొట్టేయాలి. ఎప్పటివాళ్లో పెట్టిన కట్టడి అది.

ఎయిర్‌పోర్టు తెరిచాక మా వాళ్లు కొందరు అక్కడ పనికి కుదిరారు. ఆదివారాలు, పండుగలు అని లేదు, పొద్దున డ్యూటీ తప్పదు. వాళ్లలో ఒక అక్క ఉండేది, స్త్రీల కూటంలో పాట ఎత్తుకుంటే ఆమే ఎత్తుకోవాలి. ఆ ఏడు కమిటీకి నిలబడతానంది. నెలకోసారి ఇచ్చే సంస్కారాన్ని సాయంత్రానికి మార్పించాలని, డ్యూటీవాళ్లు కూడా బల్ల దగ్గరికి రావాలని ఆమె ఆశ.

"దేవుడు ఐతారం పొద్దుగాలనే ఇంట్ల ఉంటడా తమ్మీ? పొద్దుగూకినంక ఉండడా?" అని అడిగింది.

"రూలు రూలే అక్కా," అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సర్వసభ్య సమావేశం సాయంత్రం ఐదింటికి. అక్క డ్యూటీ బస్సు దిగి, యూనిఫారం మీదే, మెడలో కార్డుతో వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. కమిటీకి తన పేరు ఇవ్వడానికి లేచి నిలబడింది.

"మీ పేరు జాబితాలో లేదక్కా. ఏడాదిగా బల్ల దగ్గరికి రాలేదు. మీకు ఓటూ లేదు, నిలబడడానికీ లేదు," అన్నాను, అందరూ వినేలా.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"రిజిస్టర్ జర ఇటియ్యి. నేనే చూసుకుంట."

దర్జాగా ఇచ్చాను. పన్నెండు నెలలకు పన్నెండు పేజీలు. ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదువుతూ పోయింది. నాకు ఒళ్లు మండింది. లేని పేరు వెతికితే పుట్టుకొస్తుందా అని గొణిగాను. చివరి పేజీ అయ్యాక తలెత్తింది.

"నా పేరు లేదు, నిజమే. గని తమ్మీ, నీ పేరు ఏది?"

గబుక్కున రిజిస్టర్ లాక్కున్నాను. మొదటి పేజీ, రెండో పేజీ, మూడో పేజీ. అందరి పేర్లూ ఉన్నాయి, ముత్యాల్లాంటి అక్షరాలతో. అందరి తర్వాత ఆఖరున బల్ల దగ్గరికి వెళ్లేవాణ్ని నేనే. వచ్చి రిజిస్టర్ మూసి బీరువాలో పెట్టేవాణ్ని. నా పేరు ఏడాదిలో ఒక్కసారి కూడా రాసుకోలేదు!

"ఊరందరికి శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డట్టాయె!" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒక ముసలాయన. సంఘమంతా గొల్లుమంది. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నేను ప్రతి నెలా వచ్చాను, మీరంతా చూశారు కదా!" అని అరిచాను.

"నిన్నైతే అందరు చూసిన్రు," అంది అక్క. "నేను తెల్లారక ముందు బస్సు ఎక్కెటప్పుడు గీ గేటు కాడ నిలబడి ప్రార్థన చేసుకోని పోత. నన్నెవరు చూసిన్రు?" నవ్వులు ఆగిపోయాయి.

"ఇప్పుడేం చేద్దాం, సెక్రటరీ గారూ?" అన్నారు అయ్యగారు.

కట్టడి ప్రకారమైతే మా ఇద్దరి పేర్లూ పోవాలి. ఇద్దరం ఉండాలంటే కట్టడే పోవాలి. దాన్ని తీసేయాలని నా నోటితోనే తీర్మానం పెట్టాను. పాత పెద్దలు ఇద్దరు ముఖం ముడుచుకున్నారు కానీ తక్కిన చేతులన్నీ లేచాయి. అక్క కమిటీలోకి వచ్చింది. మొదటి మీటింగులోనే సంస్కారాన్ని సాయంత్రానికి మార్పించింది.

ఆ మొదటి సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే డ్యూటీ బస్సు మా గేటు ముందు ఆగింది. అందరూ యూనిఫారాల మీదే దిగారు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే పైన ఒక విమానం దిగుతూ ఆయన గొంతు మింగేసింది. ఆగి, మళ్లీ మొదటినుంచి చెప్పారు. ఆఖరు వరుసలో నా పక్కన మోకరించింది అక్క. రొట్టె చేతిలో పడగానే ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు.

కట్టడి పోయినా రిజిస్టర్ ఉంచుకున్నాం. నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి అది ఆమె చేతిలో ఉంది.

"ఆగు, మల్ల మర్శిపోతవు," అని నా పేరు తనే రాసింది.

కలం అడిగి తీసుకుని, దాని కింద ఆమె పేరు నేను రాశాను.