జింకల దగ్గరికి వెళ్లే బాబా సంచి

ఒమాన్‌లోని ఇబ్రాలో మా రూమ్ నుంచి ఎవరు ఊరికి పోతున్నా కార్టన్ కట్టడానికి నన్నే పిలుస్తారు. బూట్ల లోపల బాదం పలుకులు, కుక్కర్ లోపల సబ్బులు, దుప్పటి మడతల్లో టార్చిలైట్లు సర్దుతాను. సామానులో ఖాళీ జాగా కనిపిస్తే నా ప్రాణం ఊరుకోదు. నేను తాడు బిగించి టేపు చుట్టిన కార్టన్ విమానంలోంచి జారిపడ్డా పగలదని రూమ్‌లో చెప్పుకుంటారు. ఆ పేరే నా కొంప ముంచింది.

మా అర్బాబ్‌ది, అంటే మా యజమానిది, చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీ. అందులో నేను మేస్త్రీని, అవసరమైతే పికప్ కూడా నడుపుతాను. అర్బాబ్ తండ్రిని మేమంతా బాబా అంటాం. ఆయన వయసులో ఉండగా జింకల వేటగాడు. వేట మీద నిషేధం వచ్చాక తుపాకీని వదిలేశారు గానీ జింకలను వదల్లేదు. శుక్రవారం వస్తే మెడలో దుర్బీను వేసుకుని, కొండల కింది మైదానంలోకి వాటిని చూడ్డానికి పోయేవారు. కిందటి చలికాలం అక్కడే కాలు జారి పడ్డారు. అప్పటినుంచి అర్బాబ్ ఆయన్ను గేటు దాటనివ్వలేదు. "జింకలు టీవీలో వస్తాయి, చూడు" అన్నాడట. బాబా ఆ టీవీకి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టారు.

చివరికి తండ్రీకొడుకులకు ఒక ఒప్పందం కుదిరింది. ఒక్క శుక్రవారం బాబా తన సంచి తనే మోసుకుని, పికప్‌లో కూర్చున్నంతసేపు తప్ప తన కాళ్ల మీద తను వెళ్లి రావాలి. వస్తే ఇక అన్ని శుక్రవారాలూ ఆయన ఇష్టం. రాలేకపోతే ఖలాస్, మళ్లీ ఆ ఊసెత్తకూడదు. తోడు నేను వెళ్లాలి, కానీ సంచి ముట్టుకోకూడదు. వీపుకు సుఖంగా ఉండే సంచి తెమ్మని బాబా నాకే పురమాయించారు. అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడతారాయన. "సామాన్ల ఉస్తాద్‌వి నువ్వేనట కదా" అనేసరికి నేను ఛాతీ విరుచుకున్నాను.

సంచి అనగానే రూమ్‌లో పంచాయతీ మొదలైంది. జగిత్యాల నుంచి వచ్చిన పెయింటర్ మంచం మీద పండుకునే తీర్పు చెప్పాడు.

"చక్రాల బ్యాగు కొనరాదే అన్నా. ముసలాయన ముద్దుగ గుంజుకుంట పోతడు."

"రాళ్లల్ల చక్రాలు ఎట్ల ఉరుకుతయిరా?"

"ఉరకకుంటే ఎత్తుకుంటడు. దానికేంది!"

వీడితో మాట్లాడితే నోటినొప్పి తప్ప లాభం లేదని బజారుకు బయల్దేరాను. కొట్టాయన మలయాళీ. పల్చగా, తేలిగ్గా ఉన్న సంచి ఒకటి తీసి, ముసలివాళ్లకు ఇదే మంచిదన్నాడు. చేత్తో పట్టుకుంటే పట్టుకున్నట్టే లేదు. ఇదేం సంచి, పెళ్లిలో పంచే తాంబూలం కవరులా ఉందని పక్కన పడేశాను. పెద్ద సంచి ఒకటి దింపించి, ఆయన కొట్లోని బియ్యం బస్తానే అందులో దోపి, వీపున వేసుకుని అటూ ఇటూ తిరిగాను. "భాయ్, సంచి కొంటావా, కొట్టు ఖాళీ చేస్తావా?" అని ఆయన హిందీలో అరిచాడు. ఆ సంచికి ఎన్ని జిప్పులో! ఒక జిప్పు తెరిస్తే లోపల ఇంకో జిప్పు. నాకు అక్కడే మనసు పడిపోయింది.

ఇక సుఖం సంగతి. మా వీధిలో టైలర్ ఉన్నాడు, హైదరాబాదు మనిషి. సంచి చూడగానే నాలుక చప్పరించాడు. "క్యా మియా, గీ పట్టీలు ముసలాయన భుజాలు కోస్తయి. నా దగ్గర సోఫా స్పంజి ఉంది, కుట్టేస్తా చూడు." పట్టీలకు స్పంజి, వీపుకు స్పంజి, నడుముకు స్పంజి కుట్టాడు. వేసుకుని చూస్తే నిలబడే పరుపు మీద పడుకున్నట్టుంది. ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

సర్దడం కూడా నేనే. నీళ్లు, ఖర్జూరాలు, కావా కాఫీ ఫ్లాస్కు పెట్టాక సంచిలో ఇంకా సగం ఖాళీ కనిపించింది. ఆ ఖాళీని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. గొడుగు, దుప్పటి, జండూబాం, చపాతీలు, పప్పు, మామిడికాయ పచ్చడి, ఉల్లిగడ్డలు, స్టీలు పళ్లేలు, ఇంకో జత చెప్పులు అన్నీ పెట్టాను. కారకుండా ఒక్కొక్కదాన్నీ రెండేసి ప్లాస్టిక్ కవర్లలో చుట్టాను.

శుక్రవారం పొద్దున బాబా సంచి ఎత్తి, దించి, నా మొహం చూశారు.

"లోపల ఒంటె పిల్ల ఉందా?"

విప్పుదామంటే గేటు దగ్గర అర్బాబ్ అప్పటికే నిలబడి ఉన్నాడు. గల్ఫ్‌లో ఇన్నేళ్లుండి నేర్చిన విద్య బాబా చెవిలో ఊదాను. విమానాశ్రయంలో హ్యాండ్ బ్యాగు ఎంత బరువున్నా కౌంటర్ ముందు దూదిమూటలా మోయాలి. భుజం వంగకూడదు, చెయ్యి మార్చకూడదు, నవ్వు చెదరకూడదు. అవతలి మనిషి చూపు సంచి మీద పడేలోపు వాళ్ల కుశలం అడగాలి. బాబా ఇట్టే పట్టేశారు. సంచి తగిలించుకుని, చిరునవ్వుతో కొడుకు ముందు ఆగి, "నీ షుగర్ ఎలా ఉంది? నిద్ర పడుతోందా? మరీ చిక్కిపోయావు" అన్నారు. అర్బాబ్ తన పొట్ట వైపు చూసుకునేలోగా గేటు దాటేశాం.

పికప్ ఆపి మైదానంలో దిగాక అసలు సంగతి తెలిసింది. ఆయన అడుగు వేస్తే చాలు, కవర్లు కరకరమంటున్నాయి, పళ్లేలు గణగణమంటున్నాయి. స్పంజి పట్టీలు భుజాల మీద నిలవక మోచేతుల దాకా జారుతున్నాయి. చలికాలమైనా ఆయన వీపు చెమటతో తడిసిపోయింది. కాసేపటికి ఒక తుమ్మచెట్టు కింద కూలబడి, "విప్పు" అని, వెంటనే "వద్దు, నువ్వు ముట్టుకోకూడదు" అని తనే విప్పారు. ఒక్కొక్కటీ బయటికి తీసి, ఇది జింక కోసమా, నా కోసమా అని అడగడం, నేను నేల చూపులు చూడడం! నీళ్లు, ఖర్జూరాలు ఉంచుకుని మిగతావి నా ముందుకు తోశారు. అవి సంచిలో లేవు కాబట్టి నేను ముట్టుకోవచ్చట. దుప్పటిలో మూటకట్టి నెత్తిన పెట్టుకుని, చాకిరేవుకు పోతున్నవాడిలా ఆయన వెనక నడిచాను.

చివరికి జింకలు తిరిగే చోటు చేరాక వీపు స్పంజిని కుట్లు తెంపి పీకేసి, దానిమీద కూర్చున్నారు బాబా. ఆ సంచిలో ఆయన మెచ్చుకున్నది అదొక్కటే. మాట్లాడొద్దని సైగ చేశారు. మాట్లాడకుండా ఉండడమంటే నాకు కడుపునొప్పి, అయినా ఓర్చుకున్నాను. ఎంతసేపటికో రెండు జింకలు చెట్ల మధ్యనుంచి వచ్చాయి. మట్టి రంగులో ఉన్నాయేమో, తోకలు ఆడించేదాకా నా కంటికి ఆనలేదు. బాబా దుర్బీను ఎత్తి చూస్తూ చూస్తూ, పెదవులు కదిపి ఏదో చెప్పుకున్నారు. దించినప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. దుర్బీను నా చేతికిచ్చి, ఆడదాని కొమ్ములు సన్నగా ఉంటాయి చూడమన్నారు.

అవి వెళ్లిపోయాక లేవబోతే ఆయన మోకాలు లేవలేదు.

ఈ శుక్రవారాలు పోతే ఈయనకు ఇంకేం మిగలదు, నా ఒంటె పిల్లను మోయబట్టే ఈ మోకాలు పట్టేసింది. వీపున ఎత్తుకుంటానంటే గదమాయించారు. చెయ్యి మాత్రం పట్టుకున్నారు. "కాళ్లు నావే కదా, చెయ్యి ఒక్కటే నీది. ఒప్పందంలో చేతుల మాట లేదు" అన్నారు. పికప్ దాకా అలాగే కుంటుతూ వచ్చాం. దారంతా నేను నాకు తెలిసిన దేవుళ్లందరికీ దండాలు పెట్టాను.

ఇంటి గేటు ముందు నా చెయ్యి వదిలేశారు. ఖాళీ సంచి భుజాన, నవ్వు మొహాన. వాకిట్లో కుంటకుండానే నడిచారు, ఎలా నడిచారో ఆ భగవంతుడికే తెలియాలి. కానీ ఇంటి ముందు మెట్లున్నాయి. మెట్ల దగ్గర ఆగి, పైన నిలబడ్డ కొడుకుతో కబుర్లు మొదలుపెట్టారు. గాలి ఎలా ఉంది, మేకలకు గడ్డి వేశారా, పక్కింటివాళ్ల పెళ్లి ఎప్పుడు. అన్నీ అడిగారు గానీ కాలు మాత్రం ఎత్తలేదు. అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. అర్బాబ్ ఆయన మోకాలు చూశాడు, నన్ను చూశాడు. నేను మేకల వైపు చూశాను.

అర్బాబ్ మెట్లు దిగి వచ్చి, తండ్రి పక్కన భుజం వంచి నిలబడ్డాడు. బాబా ఆ భుజాన్ని చూసి, దానిమీద చెయ్యి వేశారు. ఇద్దరూ ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు.

"వచ్చే శుక్రవారం నేనూ వస్తాను" అన్నాడు అర్బాబ్ నెమ్మదిగా.

"నువ్వొద్దు" అన్నారు బాబా, కొడుకు మీద తన బరువంతా వేసి ఎక్కుతూ. "నీకు నడవడం రాదు. నీ అడుగుల చప్పుడుకు జింకలు అంత దూరం సలాలా దాకా పారిపోతాయి."