బ్యాండేజీ చుట్టిన గాజులు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఎన్నడూ లేదు. ఎవరైనా అలాంటి అనుభవం చెబితే మూడు ప్రశ్నలు అడుగుతాను. వెలుతురు ఉందా? గాలి వీస్తోందా? మీకు నిద్ర సరిపోయిందా? చాలా కథలు మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. ఇది నాకు జరిగింది కాబట్టి అవే ప్రశ్నలు నాకు నేనూ వేసుకున్నాను.

మాది లింగాల ఘనపూర్. నర్సింగ్ చదివి మహబూబాబాద్‌లో ఒక దవాఖాన ఐసీయూలో పనిచేస్తున్నాను.

మరిపెడ వైపు తండా నుంచి ద్వాలి అవ్వను తెచ్చారు. మెదడులో రక్తస్రావం. వెంటిలేటర్ మీద ఉంది. స్పృహ లేదు, కాళ్లూ చేతులూ కదలవు. ఇక బతకదని డాక్టరు ఆమె భర్త సోమ్లా తాతకు చెప్పేశారు. మాకు మిగిలిన పని ఆమెను బాధ లేకుండా, శుభ్రంగా సాగనంపడమే. నోరు తడపాలి, పక్క మార్చాలి, కళ్లు ఎండిపోకుండా మందు వేయాలి. ఏ పని చేసినా ముందు “అవ్వా, ఇటు తిప్పుతున్న” అని చెప్పడం నాకు అలవాటు. వినిపిస్తుందో లేదో తెలియదు.

ఇబ్బందల్లా గాజులతో వచ్చింది. లంబాడీ పెద్దావిడ కాబట్టి రెండు చేతులకూ మోచేతి పైన వరుసగా తెల్ల గాజులున్నాయి. భర్త పోతేనే వాటిని తీస్తారు. చేతులు వాయడంతో అవి చర్మంలోకి నొక్కుకుంటున్నాయి.

“కోసెయ్ తమ్మీ. రేపటికి ఇంక వాస్తది,” అంది మా హెడ్ సిస్టర్. ఆమె చెప్పింది సరైన మాటే.

ముందు ఒక మాట చెప్దామని తాత దగ్గరికి వెళ్లాను.

“నేను బతికే ఉన్న గద బిడ్డా,” అన్నాడాయన. “నేనుండంగ ఆమెను బోడి చేతులతోని ఎట్ల పంపాలె? జర ఉండనియ్యి.”

తిరిగి వచ్చి అవ్వ చేతులను దిండ్ల మీద ఎత్తి పెట్టాను. నూనె రాసి గాజులను కాస్త వదులున్న చోటికి జరిపాను. కింద దూది పరిచి, గాజుకూ గాజుకూ మధ్య నుంచి బ్యాండేజీ తిప్పి, కదలకుండా కట్టాను. బీపీ పట్టీని కాలికి మార్చాను.

హెడ్ సిస్టర్ వచ్చి అవ్వ వేళ్లు పట్టి చూసింది. వెచ్చగానే ఉన్నాయి. “ముసలవ్వను పెండ్లికూతుర్ని చేసినవ్ పో,” అని నవ్వింది. “వేళ్లు నల్లబడితే మాత్రం నిన్ను అడుగ, కోసేస్త.”

మర్నాటి మధ్యాహ్నం అవ్వ పక్క మంచం మీద తొర్రూరు యువ రైతు ఒకతను నిద్రపోతున్నాడు. పత్తి చేన్లో పాము కరిచింది. ఆ పొద్దునే వెంటిలేటర్ తీశారు కానీ గొంతులో ఇంకా పూర్తి బలం రాలేదు. నేను వాళ్లకు వీపు పెట్టి ఇంజెక్షన్లు సిద్ధం చేస్తున్నాను.

వెనక గాజుల చప్పుడైంది. పనిలో చెయ్యి పెట్టే ముందు ఆడవాళ్లు గాజులు పైకి తోసుకుంటారే, సరిగ్గా అదే.

అవ్వ చెయ్యి కదిలిందనుకుని పరుగెత్తాను. కదల్లేదు. బ్యాండేజీ కట్టింది కట్టినట్టే ఉంది. పక్కకు చూస్తే ఆ రైతు పెదాలు నీలంగా మారుతున్నాయి. గొంతులో లాలాజలం నిండి, ఛాతీ ఎగురుతోంది కానీ గాలి ఆడటం లేదు. ఒక పక్కకు తిప్పి, గొట్టంతో గొంతు శుభ్రం చేశాను. అతను దగ్గి ఊపిరి పీల్చుకున్నాక మానిటర్ అలారం మోగింది. దాని తప్పు కాదు. ఆక్సిజన్ పెట్టిన మనిషికి రక్తంలో దాని శాతం చూపే అంకె ఆలస్యంగానే తగ్గుతుంది.

తర్వాత ఒక్కొక్కటే పరీక్షించాను. ఐసీయూలో సిబ్బంది ఎవరూ గాజులు వేసుకోరు. మందుల ట్రే ప్లాస్టిక్‌ది. అవ్వ చెయ్యిని నేనే ఎత్తి ఊపి చూశాను. చప్పుడు రాలేదు.

సాయంత్రం తాతకు చెబితే ఆశ్చర్యపోలేదు.

“పొద్దుగాల నాకంటే ముందే లేస్తది. గాజులు సప్పుడు చేస్కుంట ఇంట్ల ఎవ్వర్ని పండనియ్యది,” అన్నాడు. “గా పిలగాడు లేచిండా?” అని అడిగాడు.

“లేచిండు తాతా.”

“మరింకేంది.”

మర్నాడు పొద్దున అవ్వ పోయింది. అప్పుడు ఆమె చెయ్యి తాత చేతిలో ఉంది. నేను బ్యాండేజీ విప్పి, ఒళ్లు తుడిచి, గాజులతోనే పంపాను. స్ట్రెచర్ గడప దాటుతుంటే అవి గలగలలాడాయి. నేను విన్నది ఆ చప్పుడే.

తొర్రూరు రైతు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఇప్పుడు మా దగ్గర గాజులు కోసే ముందు బ్యాండేజీ చుట్టి చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎట్లా చుట్టాలో హెడ్ సిస్టరే నేర్పుతుంది.

ఆ మధ్యాహ్నం వెలుతురు ఉంది. కిటికీలు మూసి ఉన్నాయి. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోయాను. నేను విన్నదానికి కారణం ఇప్పటికీ నా దగ్గర లేదు. స్పృహ లేనివాళ్లతో మునుపటిలాగే మాట్లాడుతున్నాను. కాకపోతే ఇప్పుడు చెప్పాల్సింది చెప్పాక, జవాబు కోసం ఒక్క క్షణం ఆగుతున్నాను.